36 డిగ్రీలు దాటితే మాట వినని గ్యాస్... అది నేర్పే పాఠంలోనే కొలువు!

సినిమాలో హీరో స్టీరింగ్ మీద ఎర్ర బటన్ నొక్కుతాడు. కారు రాకెట్‌లా దూసుకుపోతుంది. వెనకాల కుర్చీలో ఉన్నవాడి తల సీటుకు అతుక్కుపోతుంది. ఆ సీన్ చూసి 'మన బండికీ ఓ సిలిండర్ పెట్టేస్తే?' అనుకోని కుర్రాడు ఉండడు. కానీ ఆ బటన్ వెనక ఎంత లెక్క ఉందో, ఆ లెక్క తెలిసినవాళ్లకు వాహన కంపెనీల్లో ఎలాంటి కొలువులు ఉన్నాయో ఎవరూ చెప్పరు. చీడికాడ లాంటి మండల కేంద్రం నుంచి ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో, ఇంజినీరింగ్‌కో వెళ్తున్న విద్యార్థులు తెలుసుకోవాల్సింది రెండో సంగతే. దానికి దారి మాత్రం మొదటి సంగతిలోంచే ఉంది. అందుకే నైట్రస్‌తోనే మొదలు పెడదాం.

అసలు ఏమిటీ నైట్రస్?

నైట్రస్ ఆక్సైడ్ కొత్త సరుకేం కాదు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ దీన్ని తయారు చేశాడు. ఆపరేషన్ థియేటర్లలో మత్తు ఇచ్చేటప్పుడు వాడే 'నవ్వు వాయువు' ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వైమానిక దళం కొన్ని విమానాల ఇంజిన్లలోకి దీన్ని పంపింది. బాగా ఎత్తుకు వెళ్తే గాలి పల్చబడి ఇంజిన్‌కు ఆక్సిజన్ చాలదు. ఆ కొరత తీర్చడానికే ఈ ఏర్పాటు. 1978లో అమెరికాలో నైట్రస్ ఆక్సైడ్ సిస్టమ్స్ అనే కంపెనీ కార్ల కిట్లు అమ్మడం మొదలుపెట్టాక రేసు ట్రాకుల్లో ఇది మామూలైపోయింది. 2001లో వచ్చిన 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' సినిమాతో ప్రపంచమంతా కుర్రకారు నోట్లో నానింది.

చాలామంది పొరబడేది ఒకచోట. నైట్రస్ మండదు. అది ఇంధనం కాదు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది, అంతే. మామూలు గాలిలో బరువు ప్రకారం 23 శాతం ఆక్సిజన్ ఉంటే, నైట్రస్‌లో 36 శాతం ఉంటుంది. పైగా అది సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. బయటకు రాగానే ఆవిరై, లోపలికి వెళ్లే గాలిని బాగా చల్లబరుస్తుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. అంటే అదే సిలిండర్‌లో ఇంకాస్త ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది.

అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే పెనం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పొయ్యిలో మంట పెంచితే పాకం తొందరగా వస్తుంది. కానీ మంటకు తగ్గట్టు కలపకపోతే, రసం సరిపడా లేకపోతే మాడేది బెల్లమే. ఇంజిన్‌లో ఆక్సిజన్ పెంచితే దానికి తగ్గ పెట్రోలు కూడా పెరగాలి. పెరగకపోతే మాడేది పిస్టన్.

ఒక చిన్న లెక్క

పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. ఇంటర్ కెమిస్ట్రీ, ఓ కాలిక్యులేటర్ చాలు.

1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉన్నప్పుడు చూద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు తిరుగుళ్లకు ఒకసారే గాలి పీలుస్తుంది. కాబట్టి నిమిషానికి 3,600 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు, 85 శాతమే నిండుతాయనుకుంటే 3,060 లీటర్లు. మన వాతావరణంలో లీటరు గాలి సుమారు 1.16 గ్రాములు. మొత్తం మీద సెకనుకు 59 గ్రాముల గాలి, అందులో 13.6 గ్రాముల ఆక్సిజన్.

ఆ ఆక్సిజన్‌ను సరిగ్గా వాడుకోవడానికి కావలసిన పెట్రోలు సెకనుకు 4 గ్రాములు. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ చల్లగా ఉండాలని కంపెనీ కొంచెం ఎక్కువే పోయిస్తుంది. ఉదాహరణకు 4.5 గ్రాములు అనుకుందాం. ఇంజినీర్లు దీన్ని 'ల్యాంబ్డా 0.89' అంటారు. ల్యాంబ్డా 1 అంటే గాలీ పెట్రోలూ సరిగ్గా సరిపోయాయని. ఒకటి కన్నా తక్కువైతే పెట్రోలు ఎక్కువ, దీన్ని రిచ్ అంటారు. ఒకటి దాటితే పెట్రోలు తక్కువ, అది లీన్.

ఇప్పుడు సెకనుకు 9.3 గ్రాముల నైట్రస్ కలిపామనుకుందాం. అందులోంచి 3.4 గ్రాముల ఆక్సిజన్ వస్తుంది. మొత్తం ఆక్సిజన్ 17 గ్రాములు. ఇంజిన్ శక్తి దాదాపు పాతిక శాతం పెరుగుతుంది. 80 హార్స్‌పవర్ బండి 100 చేరుతుంది. బాగానే ఉంది కదా! కానీ పెట్రోలు మాత్రం 4.5 గ్రాముల దగ్గరే ఉండిపోతే? 17 గ్రాముల ఆక్సిజన్‌కు 5 గ్రాములు కావాలి. ల్యాంబ్డా 0.89 నుంచి 1.1కు జారిపోతుంది. రిచ్‌గా, భద్రంగా నడుస్తున్న ఇంజిన్ ఫుల్ లోడ్ మీద ఉండగా ఒక్క క్షణంలో లీన్ అయిపోయింది. మంట వేడి పెరుగుతుంది, పెట్రోలు తనంతట తానే అంటుకుని నాకింగ్ మొదలవుతుంది. కొన్ని సెకన్లు చాలు. అల్యూమినియం పిస్టన్ అంచు కరుగుతుంది, లేదా రింగుల మధ్య భాగం విరుగుతుంది, లేదా హెడ్ గాస్కెట్ పోతుంది. షెడ్‌లో 'ఇంజిన్ సీజైంది' అంటారు.

అదే భద్రంగా ఉండాలంటే పెట్రోలు కూడా పాతిక శాతం పెరిగి 5.6 గ్రాములు దాటాలి. ఇక్కడ ఇంకో చిక్కు. ఇంజెక్టర్లు అప్పటికే 85 శాతం సమయం తెరుచుకుని ఉంటే, పాతిక శాతం పెంచితే 106 శాతం కావాలి. వంద దాటి తెరవడం ఏ ఇంజెక్టర్‌కూ సాధ్యం కాదు. అంటే కంప్యూటర్‌లో అంకె మార్చినా పెట్రోలు రాదు. పెద్ద ఇంజెక్టర్లు, పంపు మార్చాలి, లేదా నైట్రస్ తగ్గించాలి. ట్యూనింగ్ అంటే ల్యాప్‌టాప్‌లో మ్యాప్ మార్చడమే అనుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

చీడికాడ ఎండకూ దీనికీ సంబంధం

నైట్రస్ సిలిండర్‌లో ద్రవం, దాని పైన ఆవిరి ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి సుమారు 50 బార్. 30 డిగ్రీలకు 63 బార్ దాకా వెళ్తుంది. కిట్ తయారీదారులు చెప్పే సరైన పరిధి 900 నుంచి 950 పీఎస్‌ఐ, అంటే 62 నుంచి 65 బార్. చలి దేశాల్లో ఈ ఒత్తిడి రావడానికి సిలిండర్‌కు హీటర్ చుడతారు. మన దగ్గర సమస్య తలకిందులు.

నైట్రస్‌కు 36.4 డిగ్రీల దగ్గర ఒక గీత ఉంది. ఫిజిక్స్‌లో దాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఆ గీత దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా ఉండదు. కొణాం జలాశయం చుట్టుపక్కల ఊళ్లలో మే నెల మధ్యాహ్నం ఈ గీత దాటడం విశేషమేం కాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుడు లోపల ఉన్నది నీరు లాంటి ద్రవం కాదు, గాలి లాంటి ఆవిరీ కాదు. దాని చిక్కదనం ప్రతి డిగ్రీకీ మారిపోతుంది. అదే జెట్‌లోంచి ఉదయం ఒక మోతాదు, మధ్యాహ్నం మరో మోతాదు వెళ్తుంది. పెట్రోలు వైపు ఒత్తిడి మాత్రం మారదు. ఉదయం బాగా ట్యూన్ చేసిన బండి మధ్యాహ్నం లీన్‌లోకి జారొచ్చు. సిలిండర్ ఖాళీ అవుతుంటే ఒత్తిడి పడిపోయి రిచ్‌లోకి వెళ్తుంది.

అందుకే సిలిండర్‌ను చెప్పిన బరువుకు మించి నింపకూడదు. లోపల కాస్త ఖాళీ లేకపోతే వేడికి ఒత్తిడి ఆగకుండా పెరుగుతుంది. సిలిండర్ వాల్వులో భద్రత కోసం పగిలే పలుచని రేకు ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే అది తెగి గ్యాస్ మొత్తం బయటకు వచ్చేస్తుంది. ఆ గ్యాస్ కారు లోపలికి రాకుండా గొట్టంతో బయటకు వదలాలి. మూసిన క్యాబిన్‌లో నైట్రస్ నిండితే ఊపిరికి ఆక్సిజన్ అందదు. ద్రవం చర్మానికి తగిలితే మంచు కాటు. దీన్ని మత్తు కోసం పీల్చేవాళ్లకు విటమిన్ బి12 పనిచేయక నరాలు దెబ్బతింటాయి. మోటారు వాడకానికి అమ్మే గ్యాస్‌లో కొన్ని దేశాల్లో సల్ఫర్ డయాక్సైడ్ కలిపేది అలా పీల్చకూడదనే.

నూనె, గ్రీజు విషయంలో ఇంకా జాగ్రత్త. పైపుల్లో, వాల్వుల్లో జిడ్డు ఉంటే ఒత్తిడి కింద ఉన్న నైట్రస్‌తో అది అంటుకోవచ్చు. నైట్రస్ ఎంత ప్రమాదకారో రాకెట్ ఇంజినీర్లకూ అనుభవమే. 2007 జులైలో అమెరికాలోని మొహావిలో స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ ఇంజిన్ వెలిగించకుండానే నైట్రస్ ప్రవాహాన్ని పరీక్షిస్తుంటే పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. అంతరిక్షానికి వెళ్లే బండి తయారుచేసిన బృందమది. మన షెడ్డు జాగ్రత్త అంతకన్నా తక్కువ ఉండకూడదు కదా!

నిపుణులు ఏ వరసలో చేస్తారు?

రేసు ట్రాక్ కోసం నైట్రస్ అమర్చే నిపుణుడు మొదట గ్యాస్‌ను ముట్టుకోడు. పని ఈ వరసలో సాగుతుంది.

- ముందు ఇంజిన్ ఆరోగ్యం: ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు. ఒక సిలిండర్ బలహీనంగా ఉన్నా పని అక్కడే ఆగిపోతుంది. బోరుకొచ్చిన ఇంజిన్‌కు నైట్రస్ పెట్టడమంటే చావు చీటీ రాసినట్టే.
- తర్వాత పెట్రోలు సరఫరా: పంపు ఎంత ఇస్తోంది, ఫుల్ లోడ్‌లో ఒత్తిడి పడిపోతోందా, ఇంజెక్టర్లకు ఇంకా ఎంత మిగులు ఉంది అనేవి కొలుస్తారు.
- నైట్రస్ లేకుండా మామూలు ట్యూన్: డైనమోమీటర్ మీద, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి ల్యాంబ్డా, నాకింగ్ చూస్తారు. పునాది వంకరగా ఉంటే పై అంతస్తు నిలవదు.
- స్పార్క్ ప్లగ్గులు: ఒకటి రెండు మెట్లు 'చల్లని' రకం వేస్తారు. గ్యాప్ కాస్త తగ్గిస్తారు. వేడెక్కి ఎర్రబడిన ప్లగ్గు కొన స్పార్కు రాకముందే పెట్రోలును అంటిస్తుంది.
- ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి: నైట్రస్‌తో మంట వేగంగా పాకుతుంది. స్పార్కు ముందటి సమయానికే పడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి శిఖరానికి చేరుతుంది. ప్రతి 50 హార్స్‌పవర్‌కు 2 డిగ్రీల చొప్పున వెనక్కి జరపడం పెద్ద ఇంజిన్లతో వచ్చిన పాత లెక్క. చిన్న ఇంజిన్‌కు ఇంకా జాగ్రత్తగా మొదలుపెట్టి డైనో మీద సరిచూస్తారు.
- రక్షణ స్విచ్చులు: యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితేనే, ఆర్‌పీఎం నిర్ణీత పరిధిలో ఉంటేనే, పెట్రోలు ఒత్తిడి సరిగ్గా ఉంటేనే గ్యాస్ వెళ్లాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా వాల్వు మూసుకోవాలి.
- అప్పుడు అతి చిన్న జెట్: కొన్ని సెకన్ల పరుగు, డేటా చదవడం, ప్లగ్గు విప్పి రంగు చూడడం. అంతా బాగుంటేనే తర్వాతి సైజు.

ఆర్‌పీఎం పరిధి ఎందుకంటే, తక్కువ వేగంలో గ్యాస్ వదిలితే ఒక్కో స్ట్రోక్‌కు మోతాదు మరీ ఎక్కువైపోతుంది. వంగేది కనెక్టింగ్ రాడ్. మరీ పై వేగంలో రెవ్ లిమిటర్ తగిలితే కంప్యూటర్ పెట్రోలును ఆపేస్తుంది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. అంతకన్నా లీన్ పరిస్థితి ఇంకోటి లేదు.

పెట్రోలును నైట్రస్‌తో కలిపి నాజిల్‌లోంచే చల్లే పద్ధతిని 'వెట్' అంటారు. గ్యాస్ ఒక్కటే చల్లి, అదనపు పెట్రోలును ఇంజెక్టర్ల చేత ఇప్పిస్తే 'డ్రై'. ప్రతి సిలిండర్‌కూ విడిగా నాజిల్ పెడితే 'డైరెక్ట్ పోర్ట్'. వెట్ పద్ధతిలో పెట్రోలు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో చేరి గుంటలా నిలిస్తే ఎదురు మంట వచ్చి మానిఫోల్డే పగలొచ్చు. ప్లాస్టిక్ మానిఫోల్డున్న నేటి కార్లలో ఇది నిజమైన భయం.

ఈ20 పెట్రోలు ఈ లెక్కను ఇంకాస్త మార్చింది. మామూలు పెట్రోలుకు గాలి నిష్పత్తి 14.7 అయితే, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి అది సుమారు 13.5. పాత వీడియోలో చూసిన అంకెను ఇప్పుడు బంకులో పోయించుకున్న పెట్రోలుకు వాడితే లీన్ అవడం ఖాయం. అందుకే వృత్తిలో ఉన్నవాళ్లు నిష్పత్తి బదులు ల్యాంబ్డాలోనే మాట్లాడతారు. ఇంధనం ఏదైనా ల్యాంబ్డా 1 అర్థం మారదు.

రోడ్డు మీద కుదరదు

ఇంత చెప్పాక ఒక మాట సూటిగా చెప్పాలి. రిజిస్టరైన బండికి నైట్రస్ పెట్టి చోడవరం రోడ్డు మీదో, హైవే మీదో తిప్పడం చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం కడితే 189వ సెక్షన్ వేరే ఉంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు అడిగేది బండిలో చేసిన మార్పుల గురించే.

కొలువు వెతుక్కునే వయసులో ఒక పోలీసు కేసు ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు వెరిఫికేషన్, ఉద్యోగానికి ముందు చేసే విచారణ... ఎక్కడైనా అడ్డు తగలొచ్చు. రీల్‌కు వచ్చే లైకులు అప్పుడు సాయం రావు. ఎదురుగా బండి మీద వస్తున్న వాళ్ల ప్రాణం సంగతి అన్నిటికన్నా ముందు.

వేగం మీద మోజు ఉంటే దానికి చోటుంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, నోయిడా వైపు బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉన్నాయి. పోటీలను భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య పర్యవేక్షిస్తుంది. ఏ విభాగంలో ఏ మార్పులకు అనుమతో నిబంధనల పుస్తకంలోనే ఉంటుంది. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, ఇంజినీరింగ్ విద్యార్థుల ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో ఇంధనం, గాలి తప్ప ఇంకేదీ ఇంజిన్‌లోకి పోకూడదు. అంటే నైట్రస్ నిషేధం. పైగా గాలి వెళ్లే దారిని 20 మిల్లీమీటర్లకు కుదించేస్తారు. ఉన్న కాస్త గాలితో ఎక్కువ శక్తి రాబట్టడమే పరీక్ష. కంపెనీలు ఆ జట్ల సభ్యులను ఇష్టంగా తీసుకునేది అందుకే.

ఈ తెలివికి జీతం ఎవరిస్తారు?

పైన చేసిన లెక్కలే ఒక ఉద్యోగం. దాని పేరు ఇంజిన్ కాలిబ్రేషన్. కొత్త కారు మార్కెట్లోకి రాకముందు దాని కంప్యూటర్‌లో వేల కొద్దీ అంకెలు నింపాలి. ఎంత పెట్రోలు, ఏ డిగ్రీ దగ్గర స్పార్కు, చలిలో ఎలా స్టార్టవ్వాలి, ఎండలో నాకింగ్ రాకుండా ఎలా చూడాలి అన్నవే ఆ అంకెలు. నైట్రస్ ట్యూనర్ ఒక్క బండికి చేసే పనిని కాలిబ్రేషన్ ఇంజినీరు లక్షల బండ్లకు చేస్తాడు. అదనంగా కాలుష్య పరీక్ష నెగ్గాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6, 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడుస్తుండగానే కాలుష్యం కొలిచే నిబంధన వచ్చాక ఈ పనికి కచ్చితత్వం ఇంకా పెరిగింది.

అవకాశాలు ఎక్కడంటే...

- వాహన తయారీ: పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు. తయారీ లైన్లలో, నాణ్యత పరీక్షల్లో డిప్లొమా వాళ్లకు చోటు ఉంటుంది.
- డిజైన్, సాఫ్ట్‌వేర్ కేంద్రాలు: హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, జడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్. బెంగళూరులో బాష్. పుణె వైపు ఎఫ్‌ఈవీ, కేపీఐటీ. గురుగ్రామ్‌లో ఏవీఎల్.
- పరీక్షా సంస్థలు: పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్‌సీ. డైనో, కాలుష్య ప్రయోగశాలల్లో టెక్నీషియన్లు, ఇంజినీర్లు ఇద్దరూ ఉంటారు.
- మన జిల్లాలోనే: అచ్యుతాపురంలో 2022లో మొదలైన యోకోహామా గ్రూపు ఏటీసీ టైర్ల కర్మాగారం. ఇంజిన్ పని కాదు కానీ వాహన రంగంలోకి దగ్గరి తలుపు.
- సొంత షెడ్డు: సీఎన్‌జీ కిట్ల అమరిక చట్టబద్ధమైన ట్యూనింగే. ఆమోదం పొందిన కిట్టు, అధీకృత కేంద్రం, ఆర్‌సీలో నమోదు ఉంటే చాలు. ఒత్తిడి సిలిండర్లు, లీకు పరీక్ష, ఇంధన మ్యాపు... నైట్రస్‌లో చూసిన క్రమశిక్షణే ఇక్కడా కావాలి.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్. లేదా పాలిసెట్ రాసి ఆటోమొబైల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఇంటర్ వాళ్లకు ఈఏపీసెట్ దారి ఉండనే ఉంది. కాలిబ్రేషన్ అంటే మెకానికల్ వాళ్లదే అనుకోవద్దు. ఎలక్ట్రానిక్స్, ఈఈఈ వాళ్లనూ తీసుకుంటారు. కాలేజీ అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ దొరికితే వదులుకోవద్దు. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు నాట్స్, ఐటీఐ వాళ్లకు న్యాప్స్ పోర్టళ్లలో ఖాళీలు కనిపిస్తాయి.

పట్టా ఒక్కటే సరిపోదు. ఇంటర్వ్యూకు వెళ్లేలోపు వీటిలో చేయి తిరగాలి: మ్యాట్‌ల్యాబ్, సిములింక్ ప్రాథమికాలు, క్యాన్ బస్ అంటే ఏమిటి, ఎక్సెల్‌లో వేల వరసల డేటాను వడగట్టడం, గ్రాఫు చదవడం. ఐఎన్‌సీఏ, క్యానేప్ అనే సాఫ్ట్‌వేర్లను కంపెనీలు వాడతాయి. ఖరీదైనవి కాబట్టి ఇంట్లో నేర్చుకోలేరు, కానీ అవి ఏం చేస్తాయో చెప్పగలిగితే చాలు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ ఆటోమోటివ్ కోర్సు పాఠాలు ఉచితంగా చూడొచ్చు.

డబ్బు పెద్దగా లేకపోయినా మొదలుపెట్టొచ్చు

- తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి కొనండి. బాబాయి ట్యాక్సీకో, తెలిసినవాళ్ల కారుకో వాళ్ల అనుమతితో పెట్టి ఆర్‌పీఎం, శీతలకరణి వేడి, ఫ్యూయల్ ట్రిమ్ రికార్డు చేయండి. ఈ రీడింగులు తీస్తూ డ్రైవింగ్ చేయకూడదు, పక్క సీట్లో కూర్చోవాలి.
- ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ పది దాటితే ఇంజిన్ పెట్రోలు ఎక్కువ అడుగుతోందని అర్థం. ఎక్కడ గాలి లీకవుతోందో, ఫిల్టర్ పట్టేసిందో మెకానిక్‌తో కలిసి వెతకండి. మీరు చెప్పింది నిజమైందో లేదో రాసుకోండి.
- స్పీడ్యూనో అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ కంట్రోలర్ ఆర్డుయినో బోర్డు మీద నడుస్తుంది. నిజమైన ఇంజిన్ లేకపోయినా నకిలీ సెన్సర్ సంకేతాలు ఇచ్చి బల్ల మీద నడిపించొచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి విషయం దొరకడం కష్టం.
- కాలేజీలో ఫార్ములా భారత్, బాహా, సుప్రా జట్టు ఉంటే చేరండి. లేకపోతే నలుగురు కలిసి అధ్యాపకుడి దగ్గరకు వెళ్లి అడగండి.

ఇంటర్వ్యూలో అడిగితే...

నైట్రస్ గురించి ఎవరు అడుగుతారు అనుకోవద్దు. అభ్యర్థికి సూత్రం అర్థమైందా లేదా తేల్చడానికి ఇది మంచి ప్రశ్న.

నైట్రస్‌తో శక్తి ఎందుకు పెరుగుతుంది?
అది మండి కాదు. అదనపు ఆక్సిజన్ ఇస్తుంది, గాలిని చల్లబరుస్తుంది. దానితో ఎక్కువ పెట్రోలు మండించే వీలు కలుగుతుంది.

గ్యాస్ ఇచ్చినప్పుడు స్పార్కును ముందుకు జరుపుతారా, వెనక్కా?
వెనక్కి. మంట వేగం పెరిగింది కాబట్టి ఒత్తిడి శిఖరం సరైన చోట రావాలంటే స్పార్కు ఆలస్యం కావాలి.

ఎండాకాలంలో అదే జెట్‌తో ఫలితం మారుతుందా?
మారుతుంది. సిలిండర్ ఒత్తిడి, చిక్కదనం వేడిని బట్టి మారతాయి. 36.4 డిగ్రీలు దాటితే ద్రవమే ఉండదు. కాబట్టి ఒత్తిడి కొలిచే సెన్సర్ పెట్టి, హద్దు దాటితే గ్యాస్ ఆపేయాలి.

ఇంజెక్టర్ 90 శాతం తెరుచుకుని ఉంది. ఇంకో 20 శాతం పెట్రోలు కావాలి. ఏం చేస్తావు?
అంకె పెంచను. 108 శాతం అసాధ్యం. పెద్ద ఇంజెక్టర్, లేదా శక్తి లక్ష్యం తగ్గించుకోవడం.

ఆఖరి జవాబులో 'తగ్గించుకోవడం' అన్న మాట ఉంది చూశారా? ఆ మాట చెప్పగలిగే ధైర్యం ఉందా అనే ఎదుటివాళ్లు చూసేది.

ఎలక్ట్రిక్ వస్తే ఈ చదువు వృథానా?

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ఆ కార్లలో పిస్టన్ లేదు, ప్లగ్గు లేదు. కానీ బ్యాటరీ ఎంత వేడెక్కుతోంది, ఆ క్షణంలో ఎంత కరెంటు ఇవ్వొచ్చు, బ్రేకు వేసినప్పుడు ఎంత తిరిగి రాబట్టొచ్చు అని లెక్కలు కట్టే ఇంజినీర్లు ఉన్నారు. అది కూడా కాలిబ్రేషనే. గ్యాస్ సిలిండర్ బదులు బ్యాటరీ, ల్యాంబ్డా బదులు సెల్ వోల్టేజీ. హద్దు దాటితే సరఫరా ఆపేయాలన్న సూత్రం అదే.

మెకానికల్ ఒక్కటే నమ్ముకుని ఎలక్ట్రానిక్స్ వైపు చూడనివాళ్లకు మాత్రం రాబోయే పదేళ్లు కష్టమే. ఆ మాట దాచి లాభం లేదు. వైరింగ్ డయాగ్రం చదవడం, మల్టీమీటర్ వాడడం, కొంచెం కోడింగ్... ఈ మూడూ ఇప్పుడే మొదలుపెడితే ఇంజిన్ ఉన్నా మోటారు ఉన్నా పని ఉంటుంది.

ఈ వారం చేయగలిగింది ఒకటుంది. పైన చెప్పిన 1.2 లీటర్ల లెక్కను మీకు తెలిసిన ఏదైనా బండికి, దాని సీసీ, గరిష్ఠ ఆర్‌పీఎం తీసుకుని కాగితం మీద చేసి చూడండి. వచ్చిన అంకెను ఆ బండి కంపెనీ చెప్పిన హార్స్‌పవర్‌తో పోల్చండి. తేడా ఎందుకు వచ్చిందో మీ అధ్యాపకుడితో వాదించండి. ఇంటర్వ్యూ గదిలో జరిగేదీ దాదాపు అదే!